నీటిజాడ

కోనసీమ గోదావరి కన్నబిడ్డ. గౌతమి, వసిష్ఠ అను రెండు పాయల నడుమ, నది వేలయేండ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో ఏర్పడిన నేల యిది. ఒకచోట రెండుమూరలు త్రవ్విన ఇసుక తగులును. మరియొకచోట జిగట బంకమట్టి తగులును. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట మూలమున కాలువలు ఈ సీమ నంతటను అల్లుకొన్నవి. గన్నవరమువద్ద కాలువయే వైనతేయనదిని వంతెనవలె దాటి రాజోలువైపు పోవుచున్నది. ఎటు చూచినను నీరే. కొబ్బరితోటకును వరిచేనికిని ఇది భాగ్యము. కాని యింటి పునాదికి మాత్రము ఈ నీరు ఒక్కొక్కసారి చెప్పక వచ్చిన చుట్టము. వచ్చిన జాడ తెలియదు, పొమ్మన్న పోదు.

నేలలో దాగిన నీటిజాడను కనుగొనుట యెట్లో తెలిసికొనుటకు అమలాపురమునకు చేరువ పల్లెలో ఒక యిల్లు గలదని యనుకొందము. ముందు అరుగు, వెనుక దొడ్డి, దొడ్డిలో నుయ్యి, చుట్టును కొబ్బరిచెట్లు. డాబామీద వేయి లీటర్ల నీటిట్యాంకు. ఆ యింట తాతగారును, తల్లిదండ్రులును, ఎనిమిదవ తరగతి చదువు బాలికయు ఉన్నారు. ఫాల్గుణమాసము వచ్చునప్పటికి వంటయింటి ఈశాన్యపుమూల గోడకు నెమ్మెక్కెను. వెల్ల ఊడి రాలెను. ఇటుకలపై ఉప్పు పూసినట్లు తెల్లనిపొడి కానవచ్చెను. గచ్చుపై తట్టిన ఆ మూల మాత్రము డొల్లగా మ్రోగెను.

తాపీమేస్త్రి వచ్చి చూచెను. "అయ్యగారూ! దీనికింత ఆలోచన యెందుకండీ? రేపే గట్టిగా సిమెంటుపూత వేసెదను. చెమ్మ యిక కంటికి కానరాదు" అనెను.

మరునాడు పని మొదలు కావలసియుండగా బాలిక తాతగారికడకు వచ్చి, "తాతగారూ, మన మూలనున్న మురుగుకాలువ అంచున ప్రతి ఉదయము పిడికెడు సన్నని ఇసుక చేరుచున్నది. నేను ఊడ్చిన చోటనే మరునాడు మరల ఉండుచున్నది" అని చెప్పెను. ఆయన వెంటనే లేచి వెళ్ళి చూచిరి. కాలువ ప్రక్క ఇటుకల సందునుండి సన్ననిధార యొకటి వచ్చుచుండెను. దానిని దోసిట పట్టి చూడగా నీరు తేటగా లేదు. అడుగున ఇసుకరేణువులు నిలిచినవి. "అమ్మాయీ, ఈ ఇసుక వీధిది కాదు. మన యింటి క్రిందిది. పూతపని ఆపుమని మేస్త్రితో చెప్పుము" అనిరి.

పిడికెడు ఇసుకకు అంత కలవర మెందుకు? 1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చినపుడు ఆయన పడుచువాడు. ఊరివారితో కూడి ఏటిగట్టుపై కావలి కాచినవాడు. గట్టు వెలుపల నేలలోనుండి నీరు పైకుబుకు రంధ్రమును బుంగ యందురు. బుంగనుండి తేటనీరు వచ్చిన కొంత నిబ్బరముగా నుండవచ్చును. కన్నుమాత్రము దానిపైననే ఉంచవలెను. మట్టినీరు వచ్చినచో గుండె గుభేలుమనును. ఏలయనగా ఆ నీరు ఒంటరిగా వచ్చుటలేదు. గట్టు లోపలి మన్నును తోడు తెచ్చుచున్నది. మన్ను పోయినకొలది రంధ్రము పెద్దదగును. రంధ్రము పెద్దదైనకొలది నీటి వేగము హెచ్చును. వేగము హెచ్చినకొలది మన్ను మరింత పోవును. తుదకు గండి పడును. అందుకే బుంగచుట్టు ఇసుకబస్తాలను నూతివరవలె పేర్చి లోపలి నీటిమట్టము పెరుగనిత్తురు. మట్టము పెరిగినకొలది వెలుపలికి త్రోయు బలము తగ్గును. మన్ను కదలుట నిలుచును.

ఈ భయము ఉత్తది కాదనుటకు అమెరికాలోని టీటన్ ఆనకట్ట సాక్ష్యము. ఐడహో రాష్ట్రములో మట్టితో కట్టిన పెద్ద ఆనకట్ట యది. 1976 జూన్ 3వ తేదీన దానికి దిగువన చిన్నచిన్న తేటనీటి ఊటలు కానవచ్చెను. 5వ తేదీ ఉదయము మట్టినీరు కారుట చూచిరి. మధ్యాహ్నము పండ్రెండుగంటలు కొట్టకముందే కట్ట తెగెను. పదునొకండుగురు మరణించిరి. ఇంటిపునాది ఆనకట్ట కాదు. కాని నీరును ఇసుకయు రెండుచోట్లను ఒక్కటే నియమమునకు లోబడియుండును. పునాదిక్రింది ఇసుక కొంత కొట్టుకొనిపోయినచో అచట గుల్ల యేర్పడును. ఇల్లంతయు సమముగా దిగినచో అంత కీడు లేదు. ఒక మూల దిగి తక్కినవి నిలిచినచో గోడ బీటవారును. ఇటుకవరుసల సందులవెంట మెట్లుమెట్లుగా ఏటవాలున పోవు బీట అట్టి కుంగుబాటునకు గుర్తు.

ఇక నీరెచ్చటిదో తెలియవలెను. ఇట్టి చెమ్మకు సామాన్యముగా నాలుగు మూలములుండును. వానచూరు మొదటిది; భూమిలోని ఊట రెండవది; వాడిననీరు పోవు మురుగుగొట్టము మూడవది; ట్యాంకునుండి వచ్చు మంచినీటి పైపు నాలుగవది. దోషి యెవరో తేలకముందే ఒకరిని శిక్షింపరాదు గదా! ఒక్కొక్కదానిని పరీక్షించి, కాదని తేలినదానిని విడిచిపెట్టవలెను.

వానను విడుచుట సులభము. ఆ మాసములో వానలు లేవు. చూరు నీరు పడలేదు. కాని చెమ్మ దినదినము పెరుగుచునే యుండెను.

భూమిలోని ఊట సంగతి కొంత ఆలోచింపదగినది. ప్రమిదలోని నూనె వత్తివెంట పైకెక్కుట మీరు చూచియుందురు. ఇటుకలోని సన్నని రంధ్రములును అట్లే నీటిని పైకి లాగును. ఒక పళ్ళెములో వ్రేలెడులోతు నీరు పోసి అందు ఇటుకను నిలువుగా ఉంచి మరునాడు చూడుడు. నీరు తనమట్టమును దాటి ఇటుకలో ఎంతయెత్తు ఎక్కినదో తెలియును. ఆ నీటిలో కరగియున్న లవణములు గోడపైకి వచ్చి, నీరు ఆవిరియైన పిదప స్ఫటికములై పెరిగి వెల్లను పెళ్ళగించును. గోడపైనున్న తెల్లనిపొడి యిదియే. సముద్రమునకు చేరువనున్న సఖినేటిపల్లి, అంతర్వేది ప్రాంతములలో నేలలోనే ఉప్పు అధికమగుటచే ఈ బాధ మెండు.

అయితే భూమి ఊట ఒక్క మూలను ఎన్నుకొనదు. నాలుగుగోడలను ఇంచుమించు ఒకే యెత్తున తడుపును. ఈ యింట తడిసినది ఒక్క మూలయే. మరియొక పరీక్షయు కలదు. అది కోనసీమ వారికి కాలువ యిచ్చిన వరము. దాళ్వాపంట ముగిసిన పిదప, మరమ్మతులకొరకు వేసవిలో కాలువలు కట్టివేయుట ఆనవాయితీ. కాలువ కట్టినచో నూతులలో మట్టము దిగును. బాలిక చేదత్రాటికి జానెడు జానెడు దూరమున ముడులు వేసి నూతినీటి లోతును దినదినము కొలిచి పుస్తకములో వ్రాసెను. కాలువ కట్టిన పదునైదు దినములలో నుయ్యి మూడుజానలు దిగెను. గోడచెమ్మ మాత్రము వెంట్రుకవాసియైనను దిగలేదు. కనుక ఆ నీరు కాలువదియు కాదు, భూమిదియు కాదు. అది యింటి నీరే.

ఇంటినీటిలో మురుగుగొట్టమును ముందు పరీక్షింపవలెను. కారణమేమనగా దాని లీకు గోడకే కాదు, ప్రాణమునకును ముప్పు. 1854లో లండను నగరమందలి బ్రాడ్ వీధిలో కలరా పుట్టి ఆరువందలమందికి పైగా మరణించిరి. ఆ వీధిలోని చేతిపంపునీరే హేతువని జాన్ స్నో అను వైద్యుడు ఋజువులతో చూపెను. కాని నూతిని తెరచి చూచినవారికి ఇటుకలలో ఏ రంధ్రమును కానరాలేదు. మరుసటి సంవత్సరము, హెన్రీ వైట్‌హెడ్ అను మతాచార్యుని విచారణ ఫలితముగా, ప్రక్కయింటి మురుగుగుంటను త్రవ్వించి చూచిరి. ఆ గుంట నూతికి మూడడుగుల దూరమునైనను లేదు. దాని ఇటుకకట్టు శిథిలమై లోని మురుగు మట్టిగుండ నూతికి ఇంకుచుండెను. నూతిలో వెదకిన దొరకని దోషము ఇంటిప్రక్క దొరకెను. దొడ్డిలో నుయ్యిగల ప్రతివారును గుర్తుంచుకొనవలసిన సంగతి యిది.

మన యింటివారు వంటయింటి తూము వెలుపలిమొగమును గుడ్డతో గట్టిగా బిగించి, లోపల నీరునింపి, మట్టమువద్ద బొగ్గుతో గీత గీసిరి. ఒక గంటకు చూడగా నీరు గీతవద్దనే నిలిచియుండెను. రెండుదినములు ఆ తూమును వాడక వాడిననీటిని బాల్చీతో వెలుపల పోసిరి. అయినను ఉదయమున పిడికెడు ఇసుక చేరుట మానలేదు. మురుగుగొట్టము నిర్దోషి యని తేలెను.

రంగునీరు పోసి చూచు పద్ధతియు కలదు. జర్మనీదేశములో డాన్యూబు నది ఒకచోట సున్నపురాతి సందులలోనికి ఇంకిపోవును. ఆ నీరు ఎక్కడ తేలునో నిర్ధారించుటకు 1877లో అడాల్ఫ్ క్నోప్ అను శాస్త్రజ్ఞుడు పది కిలోగ్రాముల ఫ్లోరెసీన్ అను రంగును ఆ యింకుడులో కలిపించెను. సుమారు అరువదిగంటలకు, పండ్రెండు కిలోమీటర్ల దూరముననున్న ఆఖ్ ఊటలో నీరు పచ్చగా మెరయుచు పైకివచ్చెను. ఇంటిలో అంత వలదు. తినుబండారములలో వాడు రంగు కొంచెము చాలును. కాని బంకమట్టి రంగును పట్టియుంచును. కనుక రంగు కనబడినచో లీకు కలదని చెప్పవచ్చును; కనబడనంతమాత్రమున లేదని చెప్పరాదు.

మిగిలినది మంచినీటి పైపు. దానిని పట్టుటకు త్రవ్వకముందే కొలవవలెను. రాత్రి తొమ్మిదిగంటలకు మోటారు ఆపి, కుళాయిలన్నియు మూసి, ట్యాంకులో ఒక కర్రను నిలువుగా ముంచి నీటిమట్టమును గుర్తించిరి. తెల్లవారి అయిదుగంటలకు మరల చూచిరి. మూతవేసిన ట్యాంకులో, ఎవరును చుక్క వాడని రాత్రిలో, మట్టము నాలుగు సెంటీమీటర్లు తగ్గియుండెను!

నాలుగు సెంటీమీటర్లు అల్పమని తోచును. బాలిక లెక్క కట్టెను. ట్యాంకు గుండ్రనిది, అడ్డుకొలత ఒక మీటరు. ఒక సెంటీమీటరు మట్టము సుమారు ఎనిమిది లీటర్ల నీటికి సమానము. ఎనిమిది గంటలలో పోయినది ముప్పదియొక లీటర్లు, దినమునకు తొంబదినాలుగు, నెలకు రెండువేల ఎనిమిదివందల లీటర్లకు పైమాట. ఇంత నీరు నెలనెలయు పునాది ప్రక్కను చేరుచుండెను. లీకు ఎంత చిన్నదైనను ఎడతెగక కారుటయే దాని బలము. ఇరువదిచుక్కలు ఒక మిల్లీలీటరని యెంచినచో, క్షణమున కొక చుక్క చొప్పున కారునదియు దినమునకు నాలుగులీటర్లు దాటును.

ట్యాంకునుండి దిగిన పైపు నేలవద్ద రెండుశాఖలై, ఒకటి స్నానపుగదికిని, మరియొకటి వంటయింటికిని పోవుచుండెను. ప్రతిశాఖకును ఒక వాల్వు కలదు. రెండవరాత్రి స్నానపుగది శాఖను మూసిరి. మట్టము వెనుకటివలెనే నాలుగు సెంటీమీటర్లు తగ్గెను. మూడవరాత్రి దానిని తెరచి వంటయింటి శాఖను మూసిరి, మట్టము కదలలేదు. రెండురాత్రులలో, గునపము పట్టకుండగనే, ఇంటిలోని పైపులలో సగము నిర్దోషమని తేలెను.

వంటయింటి శాఖ నేలలో పండ్రెండు మీటర్ల పొడవున పడమటినుండి తూర్పునకు పోయి ఈశాన్యపుమూలను చేరును. మేస్త్రి గునపము తీసికొని, "చెమ్మ యిచ్చట నున్నది గనుక లీకును ఇచ్చటనే యుండును" అని ఆ మూలను త్రవ్వబోయెను. తాతగారు వారించి, "చెమ్మ కనబడుచోటు వేరు, పుట్టినచోటు వేరు కావచ్చును. పైగా పునాదిమొదట త్రవ్వినచో ఉన్న ఆధారమును మనమే తీసినవారమగుదుము" అనిరి.

నీటిపైపుల పనివారు లీకును చెవితో వెదకుటయు కలదు. ఒత్తిడితో సన్నని రంధ్రమునుండి వెలువడు నీరు సన్నగా బుసకొట్టును. ఆ ధ్వని గాలిలోకంటె ఘనపదార్థములలో బాగుగా ప్రయాణించును. ఇనుపచువ్వ యొక కొనను పైపుపైనను వాల్వుపైనను ఆనించి, రెండవకొనను చెవికడ నుంచుకొని, వీధి సద్దుమణగిన రాత్రివేళ వినుదురు. లోహపుగొట్టములో ధ్వని చాలదూరము వినబడును. ప్లాస్టిక్కు గొట్టములో త్వరగా అణగిపోవును. ఈ యింటిది ప్లాస్టిక్కు పైపు. వాల్వువద్ద ఏదో సన్నని రొద కలదని తెలిసెను గాని చోటు తేలలేదు.

అందుచే గుంటలు త్రవ్వి చూచిరి. పైపు మొత్తము పొడవున త్రవ్వలేదు. సగము సగముగా పంచుకొనిరి. వాల్వునుండి ఆరు మీటర్లవద్ద చిన్నగుంట తీయగా పైపుచుట్టునున్న ఇసుక తడిగా నుండెను. అనగా లీకు అచటగాని, అంతకు ఎగువనగాని యుండవలెను. మూడు మీటర్లవద్ద తీయగా ఇసుక పొడిగా నుండెను. అనగా మూడింటికి దిగువన, ఆరింటికి ఎగువన అన్నమాట. నాలుగున్నర మీటర్లవద్ద తీయగా గుంటలో నీరూరెను. అచటినుండి వాల్వువైపు చేతితో మట్టిని మెల్లగా తొలగించుచు పోగా, నాలుగు మీటర్లవద్ద పైపు అతుకు నెఱ్ఱె విచ్చి కానవచ్చెను. మూడు గుంటలతో పని తీరెను.

అది గోడచెమ్మకు ఎనిమిది మీటర్ల దూరము! కొబ్బరిదింపు తీసినపుడెల్ల కాయలబండి దొడ్డిలోనికి వచ్చు దారి సరిగా ఆ యతుకుపైననే యుండెను. పైపును తగినంత లోతున పాతకపోవుటచే చక్రముల బరువునకు అతుకు చిట్లెను. కారిన నీరు పైకి రాలేదు; పైపు పరుచునపుడు క్రింద పోసిన ఇసుకయే దానికి దారియయ్యెను. ఆ యిసుకవెంట ఎనిమిది మీటర్లు నడచి, మూలనున్న బంకమట్టి అడ్డగింపగా అచట నిలిచి, పునాదిని తడిపి, గచ్చుక్రింది ఇసుకను మురుగుకాలువలోనికి మోయుచుండెను.

మరమ్మతు ఒక పూటపని. క్రొత్త అతుకు వేసి, పైపును లోతునకు దింపి, బండిదారిక్రింద దానికి లావుపాటి గొట్టమును తొడుగుగా ఉంచిరి. గుంటలను ఒక్కసారిగా పూడ్చక పొరపొరగా మట్టివేసి దిమ్మిసకొట్టిరి. ఆ రాత్రి మరల ట్యాంకుమట్టమును కొలిచిరి; అది చెక్కుచెదరలేదు. పరీక్షతో మొదలైన పని పరీక్షతోనే ముగియవలెను. మరునాటి ఉదయమున మురుగుకాలువ అంచున ఇసుక లేదు. గచ్చులో డొల్లయైన భాగమును విప్పించి, ఇసుకనింపి గట్టిపరచిరి. గోడపై సన్ననిబీట కొనలవద్ద పెన్సిలుతో గీతలు గీసి తేదీ వ్రాసిరి. నెలలు గడచినను బీట గీత దాటకున్న పునాది నిలకడగా నున్నదని యర్థము. దాటినచో ఆలసింపక ఇంజనీరును పిలువవలెను.

పూతపని చివరకు వచ్చెను. గోడ పూర్తిగా ఆరుటకు నెలలు పట్టును. అంతవరకును పూత తగదు. తడిగోడకు సిమెంటుపూత వేసినచో నీరు ఆవిరియగు దారి మూసికొనిపోయి, చెమ్మ పూతవెనుక మరింత పైకెక్కును. మొదటిదినమే మేస్త్రి మాట విని పూత వేయించినచో చెమ్మ కొంతకాలము కంటికి కానరాకుండెడిది. ఇసుక మాత్రము పోవుచునే యుండెడిది. మేస్త్రి చెడ్డవాడు కాడు. తన చేతిలోని పనిముట్టుతో తీరు పనియే అతనికి తోచినది. అతడే మూడవగుంటవద్ద బుసను విని, "ఇక మీదట ఎవరింట చెమ్మ చూచినను ముందు ట్యాంకు కొలిచెదనండి" అనెను.

మరియొక సంగతి. నీరు వెలుపలికి పోవు రంధ్రము లోపలికిని తెరచియేయుండును. ట్యాంకు ఖాళీయై పైపులో ఒత్తిడి లేనపుడు చుట్టునున్న మురికినీరు ఆ రంధ్రమునుండి త్రాగునీటిలో చేరవచ్చును. కనుక లీకు చిన్నదని ఉపేక్షింపరాదు.

ఈ పనికి కావలసిన పరికరము లెట్టివో చూచితిరా? ముడులు వేసిన చేదత్రాడు, ఒక కర్ర, ఒక బొగ్గుముక్క, ఒక వ్రాతపుస్తకము. వానికి తోడు ఉదయమున ఊడ్చిన చోటును గుర్తుంచుకొన్న కన్నులు. నేటి రాత్రి మీ యింట కుళాయిలు మూసిన పిదప ట్యాంకులో నీటిమట్టమును పెద్దలచేత గుర్తింపజేసి, తెల్లవారిన పిదప మరల చూపింపుడు. నీరు మాటలాడదు. కాని తాను నడచిన దారి పొడుగునను గుర్తులు వదలిపోవును. వానిని చదువగలవానికి దాని జాడ దొరకును.